పెండ్లియైన ఆడపడుచు - ఇంటిపేరు

ఆడపిల్లకు పెండ్లి చేసి అత్తవారింటికి పంపునపుడు పుట్టింటివారు పసుపుకుంకుమలు, చీరసారెలు ఇత్తురు. పుట్టిననాటినుండి తనదిగా ఉన్న ఇంటిపేరును మాత్రము ఆ సమయముననే, ఎవరును అడుగకయే, ఆమె వదలుకొనును. శుభలేఖలో ఆమె ఒక ఇంటివారి కుమార్తెగా ముద్రింపబడును. మూడుముళ్లు పడిన నాటినుండి వేరొక ఇంటిపేరుతో వ్యవహరింపబడును. ఈ మార్పు చట్టము విధించినదా, లేక వాడుకవలన వచ్చినదా అని విచారించువారు మన గ్రామములలో అరుదు.

పూర్వము ఈ విచారణ అంతగా అవసరము కూడ కాకుండెను. స్త్రీ పేరు వ్రాయవలసిన కాగితములే తక్కువ. నేడు అట్లు కాదు. పదవ తరగతి ధ్రువపత్రము, ఆధార్ కార్డు, ఓటరు జాబితా, బియ్యపు కార్డు, బ్యాంకు పుస్తకము, డ్వాక్రా సంఘపు పొదుపు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకము, జీవిత బీమా పత్రము, పింఛను కాగితము - వీనిలో ఆమె పేరు ఉండవలెను; అన్నిటియందును ఆ పేరు ఒకే మనిషిదని తెలియవలెను. కొన్ని పుట్టింటి పేరుతోను, కొన్ని అత్తింటి పేరుతోను ఉన్నచో, తన భూమి తనదని, తన సొమ్ము తనదని నిరూపించుకొనుటకు ఆమె కార్యాలయములచుట్టు తిరుగవలసివచ్చును.

కావున ఇంటిపేరు మార్చుకొనవలెనా, వద్దా అను ప్రశ్న కేవలము ముచ్చటకు సంబంధించినది కాదు. అది ఆస్తికి, హక్కునకు, గౌరవమునకు సంబంధించినది. ఈ విషయమున ఆచారమేమి, చట్టమేమి, ఆచరణలో గమనింపవలసినవేమి అనునవి ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

ఒక్క పేటలో పలు పద్ధతులు

విజయవాడలో ఇంద్రకీలాద్రి అడుగున ఉన్న పాత పట్టణమునకు వన్ టౌన్ అని వాడుక. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరిట వెలసిన మార్కెట్టు ఇచ్చటనే కలదు. అంగడి సరకులకు, పెండ్లిబట్టలకు డెల్టా గ్రామములవారు తరచుగా వచ్చు పేట ఇది. ఇచ్చట తెలుగువారితోపాటు ముస్లిములు, మార్వాడీ, గుజరాతీ వర్తకుల కుటుంబములు తరతరములుగా ఇరుగుపొరుగున నివసించుచున్నవి. స్త్రీల పేర్ల విషయమున వీరి పద్ధతులు ఒక్కటి కావు.

తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాసి, తరువాత పెట్టిన పేరు వ్రాయుదురు. పెండ్లియైన స్త్రీకి ముందుండు ఆ ఇంటిపేరు మారును. వెనుకనున్న పేరు మారదు. గుజరాతీల వాడుక వేరు. వారిలో వంశనామము చివర వచ్చును. నడుమ తండ్రి పేరు ఉండును. పెండ్లితో స్త్రీకి వంశనామమేగాక, నడుమనున్న తండ్రి పేరు పోయి ఆ చోట భర్త పేరు వచ్చుట వారిలో అలవాటు. ముస్లిముల ధర్మశాస్త్రము వివాహమువలన స్త్రీ తన తండ్రి వంశనామము విడువవలెనని చెప్పదు. ఆంధ్రదేశపు ముస్లిములు షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ వంటి పదములను మన ఇంటిపేర్లవలె ముందు వ్రాయుట కలదు. పెండ్లియైన స్త్రీ కొన్ని కుటుంబములలో వానిని మార్చుకొనును, కొన్నిటిలో మార్చుకొనదు. తమిళుల విషయము మరియొక విధము. వారిలో పెక్కుమందికి ఇంటిపేరే లేదు. పెండ్లికి ముందు తండ్రి పేరులోని తొలి అక్షరము, పెండ్లియైన తరువాత భర్త పేరులోని తొలి అక్షరము స్త్రీ పేరుకు ముందు నిలుచును.

దీనినిబట్టి ఒక సంగతి తేటపడుచున్నది. స్త్రీ పెండ్లితో పేరు మార్చుకొనుట వివాహమునకు ప్రాణము వంటిది కాదు. అది ప్రాంతమునుబట్టి, కులమునుబట్టి, మతమునుబట్టి మారు వాడుక. ఒకరికి తప్పనిసరియని తోచునది పక్కింటివారికి అసలు లేకయే పోవచ్చును. అయినను ఆ ఇంటను ఈ ఇంటను పెండ్లి పెండ్లియే, కాపురము కాపురమే.

ఇంటిపేరు ఎందులకు?

తెలుగు ఇంటిపేర్లలో అధికభాగము ఊళ్ల పేర్లు. ఒక కుటుంబము ఒక ఊరు విడిచి మరియొక ఊరికి పోయినపుడు, క్రొత్త ఊరివారు వారిని పాత ఊరి పేరుతో గుర్తించిరి. వృత్తివలన, పదవివలన, పూర్వులలో ఒకరి పేరువలన వచ్చినవి కూడ కలవు. ఇంటిపేరుకు మొదటి ప్రయోజనము గుర్తింపు. ఒకే ఊరిలో పదిమంది సుబ్బయ్యలు ఉన్నపుడు ఏ సుబ్బయ్యయో తెలియుటకు అది అక్కరకు వచ్చెను. రెండవది పెండ్లి సంబంధముల విషయము. ఇంటిపేరు, గోత్రము ఒక్కటియైనవారు దాయాదులు గనుక వారి నడుమ సంబంధము కలుపుకొనరు.

పెండ్లియైన స్త్రీ భర్త గోత్రములో చేరునని శాస్త్రాచారము. దానిని అనుసరించియే ఇంటిపేరు కూడ మారవలెనను భావము స్థిరపడినది. "ఏ ఇంటికి పోయినవారు ఆ ఇంటిపేరే ధరింపవలెనుగదా!" అని పెద్దలు చెప్పుదురు. ఈ మాట వినుటకు న్యాయముగనే ఉన్నది. కాని మన ఆచారములనే కొంచెము పరిశీలించిన ఈ నియమము అందరికిని సమానముగా అమలుకాలేదని తెలియును.

ఇల్లరికపు అల్లుని సంగతి చూడుడు. మగసంతానము లేని ఇంట అల్లుడు అత్తవారింటనే ఉండి, వారి పొలము దున్ని, వారిని వృద్ధాప్యమున పోషించును. అతడు చేరినది భార్య ఇల్లు. అనుభవించునది ఆ ఇంటి ఆస్తి. అయినను అతని ఇంటిపేరు మారదు. అతనితో కాపురము చేయు భార్య, పుట్టిన ఇంటిని ఒక్కనాడైనను విడువకపోయినను, భర్త ఇంటిపేరును ధరించును. దత్తత వెళ్లిన కుమారుడు మాత్రము పెంచినవారి ఇంటిపేరును గ్రహించును. అనగా ఏ ఇంట చేరితిమను దానికంటె, వంశము ఎవరిద్వారా నడుచునని సంఘము తలచినదో దానినిబట్టియే పేరు నిర్ణయమైనది.

మేనరికములలో ఇంకొక విశేషము కలదు. తల్లి పెండ్లినాడు విడిచిన ఇంటిపేరును, మేనమామ ఇంటికి కోడలైన కుమార్తె తిరిగి ధరించును. తల్లికి పుట్టింటి పేరైనది కూతురికి అత్తింటి పేరగును. రక్తసంబంధము ఎప్పుడును పోలేదు. పేరు మాత్రము ఒక తరము ఎడమై తిరిగి వచ్చినది. ఇంటిపేరు మారినంత మాత్రమున పుట్టింటి బంధము తెగిపోదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

వివాహము చేసికొన్న స్త్రీ తన ఇంటిపేరు మార్చుకొనవలెనని భారతదేశములో ఏ చట్టమును ఆజ్ఞాపింపలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము వధూవరుల వయస్సు, బాంధవ్యము, పెండ్లితంతు, విడాకులు మొదలగు విషయములను నిర్ణయించినది గాని, వధువు పేరు మారవలెనని ఎచ్చటను పేర్కొనలేదు. మతముతో పనిలేక రిజిస్ట్రారు ఎదుట పెండ్లి చేసికొనువారికి వర్తించు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమును అంతే.

అట్లని మార్చుకొనరాదనియు చట్టము చెప్పలేదు. స్త్రీ పుట్టింటి పేరును నిలుపుకొనవచ్చును. భర్త ఇంటిపేరు గ్రహింపవచ్చును. రెంటిని కలిపి వ్రాసికొనవచ్చును. భర్త మరణించినను, విడాకులు పొందినను, అప్పటి పేరుతోనే కొనసాగుట ఆమె ఇష్టము. అత్తింటివారు "మా ఇంటిపేరు పెట్టుకొనకున్న పెండ్లి చెల్లదు" అనినచో ఆ మాటకు చట్టమున ఆధారము లేదు. పెండ్లి చెల్లుటకు కావలసినది చట్టము చెప్పిన షరతులు, విధివిహితమైన తంతు. దానికి సాక్ష్యముగా నిలుచునది వివాహ నమోదు.

ఆంధ్రప్రదేశ్‌లో వివాహములను తప్పక నమోదు చేయవలెనని 2002లోనే చట్టము వచ్చినది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటను వివాహ నమోదును తప్పనిసరి చేయవలెనని ప్రభుత్వములను ఆదేశించినది. పాస్‌పోర్టు కొరకు స్త్రీ పెండ్లి తరువాత పేరు మార్చుకొన నక్కరలేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి బహిరంగముగా ప్రకటించిరి. కాబట్టి ఇంటిపేరు మార్పు స్త్రీ చేసికొనవలసిన ఎంపిక. ఆమెపై మోపవలసిన విధి కాదు.

మన మహిళల పేర్లు చెప్పు పాఠము

నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలో మునియేటి ఒడ్డున పెనుగంచిప్రోలు కలదు. 1874లో ఆ ఊర కొమర్రాజువారింట ఒక ఆడపిల్ల, 1877లో ఆమె తమ్ముడు జన్మించిరి. తమ్ముడు విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో ఒకడై, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు ఆద్యుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు. అక్క, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించి, మరుసటి ఏట బందరులో స్త్రీ సమాజమును నెలకొల్పుటకు పాటుపడిన భండారు అచ్చమాంబ. ఆమె భర్త భండారు మాధవరావుగారు. తమ్ముడు అక్కగారియింటనే ఉండి నాగపురమున విద్యనభ్యసించెను. ఇరువురును తెలుగునాట విజ్ఞానవ్యాప్తికి కృషిచేసినవారే. అయినను పుస్తకముల జాబితాలో పేర్లు మాత్రమే చూచు పాఠకునకు వీరు అక్కాతమ్ములని తెలియు వీలు లేదు. పుట్టింటి పేరు మరుగుపడుటవలన చరిత్రకు కలుగు నష్టమునకు ఇది ఒక చిన్న ఉదాహరణము. భండారు అను పేరుతోనే ఆమె కీర్తి నిలిచినదనుటయు సత్యమే.

రాజ్యాంగ సభలో మన ప్రాంతపు స్త్రీల గొంతు వినిపించిన దుర్గాబాయమ్మగారు ఆ సభ చర్చలలో జి. దుర్గాబాయిగా కానవత్తురు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిన పిదప ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిరి. 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించినది, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది ఆమెయే. రెండు పేర్ల వెనుక ఉన్నది ఒక్క మనిషియని తెలియని విద్యార్థి ఆమె కృషిలో సగమునే ఎరుగును.

విజయవాడలోనే మరియొక కుటుంబమున మూడు విధములైన పేర్లు కానవచ్చును. గోపరాజు రామచంద్రరావుగారు ఇంటిపేరులోని తొలి అక్షరమును, పెట్టిన పేరులోని తొలి అక్షరమును కలిపి 'గోరా' అని వ్యవహరింపబడిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో వీరు నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడ పటమటకు తరలినది. వీరి భార్య సరస్వతీ గోరాగారు. భర్త ఇంటిపేరును గాక, భర్త కుదించుకొన్న పేరునే ఆమె తన పేరుకు చేర్చుకొనిరి. వీరి కుమార్తె విద్యగారు భర్త ఇంటిపేరుతో చెన్నుపాటి విద్యగా ప్రసిద్ధులై, విజయవాడ లోక్‌సభ స్థానమునుండి 1980లోను, 1989లోను ఎన్నికైరి. మహాకవి గుఱ్ఱం జాషువాగారి కుమార్తె హేమలత 1960లో గోరాగారి కుమారుడు లవణంగారిని కులాంతర వివాహము చేసికొని హేమలతా లవణం అయిరి. ఆమె చేర్చుకొన్నది భర్తకు పెట్టిన పేరును. కులమును సూచించు గుర్తులను వదలదలచినవారికి ఇంటిపేరు అక్కరలేకపోవుటయు ఇచ్చట గమనింపదగినది.

రచయిత్రులలో మరియొక మార్గము కలదు. మొదట ముప్పాళ రంగనాయకమ్మగా వ్రాసిన రచయిత్రి తరువాత ఏ ఇంటిపేరును లేక కేవలము రంగనాయకమ్మగా వ్రాసిరి. పాఠకులు ఆమెను గుర్తించుటకు ఆ ఒక్క పేరే చాలినది.

ఇతర దేశములలో

ఇంగ్లండులో భర్త వంశనామము గ్రహించుట చట్టము కాదు, వాడుక. చదువుకొన్న మన కుటుంబములలో "మిసెస్ ఫలానా" అను పద్ధతి ఆంగ్లేయుల వాడుకను చూచి వచ్చినదే. అమెరికాలో 1855లో లూసీ స్టోన్ అను సంఘసంస్కర్త్రి వివాహమాడియు తన పేరును విడువక ఆ దేశమున చర్చకు దారితీసెను. చైనాలో 1950 నాటి వివాహ చట్టము భార్యాభర్తలిరువురికిని తమ తమ పేర్లను వాడుకొను హక్కునిచ్చినది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 1981 నుండియు, గ్రీసు దేశమున 1983 నుండియు పెండ్లియైన స్త్రీ పుట్టింటి పేరుతోనే కొనసాగవలెనని చట్టమే చెప్పుచున్నది.

జపానులో ఇందుకు భిన్నముగా, దంపతులిరువురును ఒకే వంశనామము గ్రహింపవలెనని పౌరస్మృతి నిర్బంధించుచున్నది. ఎవరిదైనను గ్రహింపవచ్చునని ఆ చట్టమున ఉన్నను, నూటికి 95 వంతున భార్యయే మార్చుకొనుచున్నది. ఆ నిబంధనను అచ్చటి సుప్రీంకోర్టు 2015లోను, 2021లోను సమర్థించినది.

కొన్ని దేశములు మార్చవలెననియు, కొన్ని మార్చరాదనియు శాసించినవి. మన దేశము ఏ నిర్బంధమును పెట్టక స్త్రీకే విడిచినది. ఇది తక్కువ స్వాతంత్ర్యము కాదు. దానిని తెలిసి వినియోగించుకొనుటయే కావలసినది.

ఇంటిపేరు మారినను వాటా పోదు

గ్రామములలో ఈ ప్రశ్నతో ముడివడిన పెద్ద అపోహ ఒకటి కలదు. "పరాయి ఇంటిపేరైనది, ఇక ఆమెకు ఇచ్చట ఏమున్నది?" అని కొందరు సోదరులు, కొందరు పెద్దలు పలుకుదురు. కుమార్తెయే అది నిజమని నమ్మి మిన్నకుండుటయు కలదు. ఇది ముమ్మాటికిని పొరపాటు.

ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును కల్పించుటలో మన రాష్ట్రమే దేశమునకు మార్గము చూపినది. ఇందుకై ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చినది. అయితే ఆ తేదీకి ముందే పెండ్లియైన కుమార్తెలకు అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. పెండ్లియైనను, కాకున్నను, కుమార్తె పుట్టుకతోనే వాటాదారు. ఆ తేదీనాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారము ముగిసిన పంపకములు మాత్రము తిరుగదోడబడవు.

హక్కు పుట్టుకవలన వచ్చినది. పేరువలన వచ్చినది కాదు. కావున పేరు మారినంతమాత్రమున అది పోదు. పేరు నిలుపుకొన్నంతమాత్రమున ఎక్కువయు కాదు.

పెండ్లిలో పసుపుకుంకుమ క్రింద ఇచ్చిన భూమి సంగతియు ఇట్టిదే. డెల్టాలో కుమార్తెకు ఎకరమో, అరయెకరమో ఆమె పేర వ్రాసి ఇచ్చు వాడుక చిరకాలముగా కలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టముననుసరించి ఆ భూమి ఆమెకు సంపూర్ణమైన సొంత ఆస్తి. దానిని అనుభవించుటకు, అమ్ముటకు, ఇచ్ఛవచ్చినవారికి వ్రాసి ఇచ్చుటకు ఆమెకు అధికారము కలదు. సంతానము లేక, వీలునామా వ్రాయక స్త్రీ మరణించినచో, తల్లిదండ్రులనుండి వారసత్వముగా వచ్చిన ఆస్తి తండ్రి వారసులకు, భర్తనుండియో మామగారినుండియో వచ్చినది భర్త వారసులకు చెందునని అదే చట్టము చెప్పుచున్నది. అనగా చట్టము చూచునది ఆస్తి ఎచ్చటనుండి వచ్చినదని; ఆమె ఇంటిపేరు ఏమని కాదు.

చిక్కు ఎచ్చట వచ్చును?

హక్కు పోదు గాని, హక్కును చూపుకొనుటలో చిక్కు వచ్చును. నందిగామ ప్రాంతపు రైతుకు ఒక కుమార్తె, ఒక కుమారుడు ఉన్నారనుకొందము. కుమార్తె పదవ తరగతి పుట్టింటి పేరుతో ముగించినది. గుడివాడ ప్రాంతమునకు కోడలై వెళ్లినది. అచ్చట ఆధార్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకము భర్త ఇంటిపేరుతో తయారైనవి. వివాహము మాత్రము నమోదు కాలేదు. ఇరువదియేండ్లకు తండ్రి మరణించెను. కుటుంబసభ్యుల ధ్రువపత్రము కొరకు దరఖాస్తు పెట్టినపుడు, ఆ రైతు కుమార్తెయు, ఈ ఆధార్ కార్డులోని స్త్రీయు ఒకరేయని చూపు కాగితము ఆమె చేత లేదు. సోదరుడు మంచివాడైన పని జరుగును. కానిచో, "ఈ పేరుగల కుమార్తె మా ఇంట లేదు" అని ఒక్క మాటతో ఏండ్లు గడిపివేయవచ్చును.

పొడి అక్షరములవలన మరియొక చిక్కు. 'కె. సీతమ్మ' అని వ్రాసినచో ఆ 'కె' పుట్టింటిదో, అత్తింటిదో తెలియదు. ఇంగ్లీషు దరఖాస్తులలో వంశనామమును చివర అడుగుదురు; మనము ముందు వ్రాయుదుము. అందువలన ఒకే స్త్రీ పేరు ఒక కార్డులో ముందువెనుకగాను, ఒక కార్డులో పొడి అక్షరముతోను, ఇంకొకదానిలో ఇంటిపేరే లేకయు ముద్రింపబడుచున్నది. ఆధార్, పాన్ కార్డులలో పేర్లు కలియకపోయినచో బ్యాంకు పనులు ఆగిపోవుట పలువురకు అనుభవమే.

పేరు సరిగా వ్రాయించుకొనకపోవుటవలన ఎంతటి నష్టము కలుగునో మన తొలి సార్వత్రిక ఎన్నికలే చాటినవి. 1951-52లో ఓటర్ల జాబితాలు తయారగునపుడు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానావారి భార్యను", "ఫలానావాని తల్లిని" అని వ్రాయించిరి. అట్టి పేర్లను అంగీకరింపరాదని నాటి ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ నిర్ణయించిరి. ఫలితముగా సుమారు 28 లక్షలమంది స్త్రీల పేర్లు జాబితాలనుండి తొలగింపబడినవి. వారికి ఓటు లేకపోయెను.

పిల్లల ఇంటిపేరు

"తల్లి పేరు వేరు, పిల్లల పేరు వేరు అయిన బాగుండునా?" అని కొందరి శంక. కుటుంబమంతయు ఒక్క పేరుతో పిలువబడుటయందు ముచ్చట కలదు. దానిని కోరి పేరు మార్చుకొను స్త్రీని తప్పుపట్టరాదు. అయితే పిల్లల బడి దరఖాస్తునందు తల్లి పేరు, తండ్రి పేరు వేరువేరుగా వ్రాయు చోట్లు ఉన్నవి. తల్లి ఇంటిపేరు వేరైనందున బిడ్డకు ఏ హక్కును లోపింపదు.

ఈ విషయమై ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. భర్త మరణించిన స్త్రీ పునర్వివాహము చేసికొని, బిడ్డకు రెండవ భర్త ఇంటిపేరు పెట్టినది. బిడ్డ తాతయు నాయనమ్మయు అభ్యంతరము చెప్పిరి. చనిపోయిన తండ్రి ఇంటిపేరునే తిరిగి పెట్టవలెనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించినది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశమును తొలగించినది. తండ్రి మరణానంతరము తల్లియే సహజ సంరక్షకురాలనియు, బిడ్డ ఇంటిపేరును నిర్ణయించు హక్కు ఆమెకు కలదనియు చెప్పినది. ఇంటిపేరు వంశమును తెలుపు గుర్తు మాత్రమే కాదనియు, బిడ్డకు తాను ఒక కుటుంబమునకు చెందినవాడనను భావము కలిగించునదనియు ఆ తీర్పు సారాంశము.

చేయవలసిన పనులు

ఇంటిపేరు మార్చుకొనదలచిన స్త్రీయు, మార్చుకొనదలపని స్త్రీయు ఈ క్రింది విషయములు గమనించుట మేలు.

మొదటిది: పెండ్లి నిశ్చయమైనపుడే వధూవరులు ఈ సంగతి మాటలాడుకొనవలెను. కట్నకానుకల మాటలకు ఉన్న తీరిక ఈ మాటకును ఉండవచ్చును. నిర్ణయము వధువుది, వరుడును, పెద్దలును ఆమె మాటను మన్నింపవలెను.

రెండవది: పేరు మారినను, మారకున్నను వివాహమును నమోదు చేయించి ధ్రువపత్రమును భద్రపరుపవలెను. పుట్టింటి పేరుకు, అత్తింటి పేరుకు వంతెనవలె నిలుచునది ఆ ఒక్క కాగితమే. ఆధార్, పాస్‌పోర్టులలో పేరు మార్చుకొనుటకు అది ఆధారముగా స్వీకరింపబడుచున్నది.

మూడవది: మార్చుకొనదలచినచో అన్నిటియందును మార్చుకొనవలెను. ముందు ఆధార్, పిదప పాన్, బ్యాంకు, ఓటరు జాబితా, బియ్యపు కార్డు, బీమా అను క్రమము సుకరము. ఆధార్‌లో పేరు మార్పునకు సాధారణముగా జీవితమున రెండుసార్లు మాత్రమే అవకాశము కలదు. కావున తొందరపడి మార్చి, మరల వెనుకకు మార్చుకొను పని పెట్టుకొనరాదు. ఓటరు జాబితాలో సవరణకు ఫారం 8 సమర్పింపవలెను.

నాలుగవది: చదువుకొన్న నాటి ధ్రువపత్రములలోని పేరు చదువుకొన్న నాటిదే. ఉద్యోగమునకు, పైచదువునకు పోదలచిన బాలిక పుట్టింటి పేరును నిలుపుకొనినచో ఈ చిక్కులలో పెక్కు రానేరావు.

ఐదవది: భూమి పత్రములలో పేరును పొడి అక్షరములతో గాక పూర్తిగా వ్రాయించవలెను. దస్తావేజులో "ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య" అని రెండును ఉన్నచో ముందుతరములకు సందేహము ఉండదు. పాత పేరుతో ఉన్న భూమికి 1-బి, అడంగల్, పాసుపుస్తకములలో పేరు సవరణకు వివాహ ధ్రువపత్రముతో రెవెన్యూ కార్యాలయమున దరఖాస్తు చేసికొనవలెను.

ఆరవది: తండ్రి మరణించినపుడు కుటుంబసభ్యుల ధ్రువపత్రమున పెండ్లియైన కుమార్తెల పేర్లును చేరినవో, లేదో చూచుకొనవలెను. తోబుట్టువు పేరును వదలివేయుట సోదరునకు ధర్మము కాదు, చట్టసమ్మతమును కాదు.

ఆచారమును పాటించుటలో తప్పు లేదు. అత్తింటి పేరును ప్రీతితో ధరించి, ఆ పేరుకు కీర్తి తెచ్చిన స్త్రీలు మనలో ఎందరో కలరు. పుట్టింటి పేరును విడువక ఉత్తమ ఇల్లాండ్రుగా మన్ననలు పొందినవారును కలరు. కాపురపు సొంపు ఇంటిపేరులో లేదు. ఇంటిలోనివారి పరస్పర గౌరవములో ఉన్నది. కోడలు తెచ్చిన పేరును అవమానముగా తలచని ఇల్లు, తన పేరును ఆమెకు ఇచ్చుటకును అర్హమైన ఇల్లే. ఆడపిల్లల తల్లిదండ్రులు ఒక్క పని నేడే చేయవచ్చును: కుమార్తె పేరుతో ఉన్న కాగితములన్నియు ఒకచోట చేర్చి, అన్నిటియందును ఆమె పేరు ఒకే విధముగా ఉన్నదో, లేదో సరిచూడవలెను. ఆమె ఏ ఇంటికి పోయినను, ఏ ఇంటిపేరుతో నిలిచినను, ఆ కాగితములు ఆమె వెంట నడచును.